జపాన్ బాక్సర్ రికార్డును చదవడం ఎలా: దైసుకె నైతో 42 పోటీలతో ఒక సాధన

మనలో చాలామందికి బాక్సింగ్ అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ఆమె గెలిచిన ప్రపంచ స్వర్ణాలను చెబితే ఆమె స్థాయి ఏమిటో వినేవారికి అర్థమైపోతుంది. ప్రొఫెషనల్ బాక్సర్ విషయంలో ఆ సౌలభ్యం లేదు. అక్కడ పతకాలు ఉండవు, కొద్ది రోజుల్లో ముగిసే టోర్నీలు ఉండవు. కొన్ని నెలలకు ఒకసారి జరిగే ఒక్కొక్క పోటీ ఒక్కొక్క వరుసగా చేరుతూ, పదేళ్ళో పదిహేనేళ్ళో గడిచేసరికి ఒక పట్టిక మిగులుతుంది. దానినే రికార్డు అంటారు. జపాన్ బాక్సర్ జీవితాన్ని తెలుసుకోవాలంటే ఆ పట్టికను చదవడం రావాలి. ఎన్ని గెలిచాడు, ఎన్ని ఓడాడు అన్న లెక్క దగ్గరే ఆగిపోయేవారికి అది చాలా తక్కువ చెబుతుంది, ఒక్కోసారి తప్పు కూడా చెబుతుంది.

ఉదాహరణగా నేను ఎంచుకున్నది ఫ్లైవెయిట్ అనే తేలిక బరువు తరగతిలో మాజీ ప్రపంచ ఛాంపియన్ దైసుకె నైతోను. జపాన్ బాక్సర్లలో ఈనాడు ప్రపంచమంతా ఎరిగిన పేరు నావోయా ఇనోయె అయినా, చదవడం నేర్చుకోవడానికి ఆయన రికార్డు అంతగా పనికిరాదని నా అభిప్రాయం. ఓటమి లేని పట్టికలో పాఠకుడు ఆగి ఆలోచించవలసిన గడి తక్కువ. నైతో రికార్డులో అలాంటి గడులు కావలసినన్ని ఉన్నాయి.

ముందుగా ఒక నోటుబుక్కు తీసుకుని పేజీని అడ్డంగా పెట్టి ఎనిమిది నిలువు గడులు గీయండి. తేదీ, ప్రత్యర్థి, ఇద్దరి బరువు, ఎన్ని రౌండ్లకు ఒప్పుకున్న పోటీ, ఎన్నో రౌండ్‌లో ముగిసింది, ఫలితం, వేదిక అన్నవి మొదటి ఏడు. వీటిలో చాలా భాగం బాక్సర్ల రికార్డులు ఉంచే బాక్స్‌రెక్ వంటి వెబ్‌సైట్ల పట్టికలలోనే దొరుకుతుంది. ఎనిమిదవ గడి మాత్రం మీరే పెట్టుకోవాలి. దానికి ‘తరువాత’ అని పేరు రాయండి. ఆ ప్రత్యర్థి తరువాతి కాలంలో ఏమయ్యాడో అందులో రాస్తారు. ఈ పద్ధతి మొత్తానికి ప్రాణం ఆ గడిలోనే ఉంది. బాక్సర్ రిటైరైన రోజున అతని రికార్డు పూర్తవుతుందని మనం అనుకుంటాము కానీ, అతనితో తలపడినవారి జీవితాలు కూడా ఒక దరికి చేరేవరకు ఆ వరుసల అసలు విలువ తేలదు.

జపనీయులు రికార్డును ఒకే పంక్తిలో కుదించి రాస్తారు. నైతో పంక్తి ప్రకారం 42 పోటీలు, 36 గెలుపులు, వాటిలో 23 నాకౌట్లు, 3 ఓటములు, 3 డ్రాలు. పోటీకి ‘సెన్’, గెలుపునకు ‘షో’, ఓటమికి ‘హై’, డ్రాకు ‘వాకె’ అన్న మాటలు వాడతారు. సుమో కుస్తీ నుంచి వచ్చిన అలవాటు కొద్దీ గెలుపును తెల్ల గుండ్రంతోనూ, ఓటమిని నల్ల గుండ్రంతోనూ చూపుతారు. డ్రాకు త్రిభుజం పెడతారు. జపాన్ భాష రాకపోయినా ఈ గుర్తులు తెలిస్తే పట్టిక సగం అర్థమవుతుంది.

ఇప్పుడు గెలుపు ఓటముల గడిని చేత్తో మూసి రౌండ్ల గడిని మాత్రమే పైనుంచి కిందికి చదవండి. జపాన్ బాక్సింగ్ కమిషన్ 1952లో ఏర్పడింది. లైసెన్సులను అది మూడు తరగతులుగా ఇస్తుంది. కొత్తగా వచ్చిన సి తరగతి బాక్సర్ 4 రౌండ్ల పోటీలు ఆడతాడు. వాటిలో నాలుగు గెలిస్తే బి తరగతికి, అంటే 6 రౌండ్ల పోటీలకు వెళతాడు. అక్కడ రెండు గెలిస్తే ఎ తరగతి వస్తుంది, 8 రౌండ్లు, ఆపై టైటిల్ పోటీలు అందుబాటులోకి వస్తాయి. కాబట్టి 4, 4, 4, 4, 6, 6, 8, 10, 12 అంటూ పెరిగే ఆ అంకెలు బడిలో తరగతులు దాటడం వంటివి. అమెచ్యూర్‌గా పేరు తెచ్చుకున్నవారికి మొదటి మెట్లు ఎక్కే పని ఉండదు. ఇనోయె 2012 అక్టోబరులో ఆడిన మొట్టమొదటి ప్రొఫెషనల్ పోటీయే 8 రౌండ్లది. ఆరవ పోటీకే, అంటే 2014 ఏప్రిల్ నాటికే, ఆయన ప్రపంచ ఛాంపియన్. ఒకరి రికార్డులో మొదటి అంకె 4 అయి, మరొకరిది 8 అయితే, ఇద్దరూ వేరువేరు గుమ్మాల గుండా లోపలికి వచ్చారని అర్థం. వారి మొదటి పది వరుసలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

నైతో వచ్చినది చిన్న గుమ్మం గుండానే. హొక్కైదోలో 1974 ఆగస్టులో పుట్టి, టోక్యోలోని మియతా జిమ్‌లో చేరి, 22 ఏళ్ళ వయసులో 1996లో తొలి పోటీ ఆడాడు. 1998లో అఖిల జపాన్ ‘షిన్‌జిన్ ఓ’ అయ్యాడు. ఆ మాటకు కొత్తవారిలో రాజు అని అర్థం. తూర్పు జపాన్ విజేత, పశ్చిమ జపాన్ విజేత సంవత్సరాంతంలో తలపడి తేల్చుకునే పోటీ అది. బయటి దేశాల పట్టికలు దీనిని మామూలు చిన్న పోటీగానే చూపిస్తాయి. మీరు మాత్రం ఆ వరుస పక్కన తప్పనిసరిగా ఒక గుర్తు పెట్టండి. ‘తరువాత’ గడి విలువ మొదటిసారి తెలిసేది ఇక్కడే.

1960లో ఈ కొత్తవారి పోటీలోనే ఫైటింగ్ హరాదా, హిరోయుకి ఎబిహారా ఎదురుపడ్డారు. హరాదా గెలిచాడు. 1962లో హరాదా, 1963లో ఎబిహారా ఒకే థాయ్ ఛాంపియన్‌ను, పోన్ కింగ్‌పెచ్‌ను, నాకౌట్ చేసి ఇద్దరూ ఫ్లైవెయిట్ ప్రపంచ ఛాంపియన్లయ్యారు. అటువంటిదే 2016లో మళ్ళీ జరిగింది. ఫ్లైవెయిట్ ఫైనల్లో జుంతో నకతాని చేతిలో మసమిచి యబుకి ఓడిపోయాడు. ఆ సాయంత్రం యబుకి పట్టికలో పడినది ఒక నల్ల గుండ్రం మాత్రమే. నకతాని 2020లో ఫ్లైవెయిట్ ప్రపంచ టైటిల్ గెలిచి, తరువాత మరో రెండు బరువులలో కూడా ఛాంపియన్ అయ్యాడు. యబుకి 2021లో క్యోతోలో కెన్‌షిరో తెరాజిని ఓడించి లైట్ ఫ్లైవెయిట్ టైటిల్ అందుకున్నాడు. 2016లో ఆ ఓటమిని చూసి యబుకి పేరును కొట్టేసినవారు తొందరపడ్డారన్న సంగతి అయిదేళ్ళకు గానీ తేలలేదు.

పేర్ల విషయంలో ఒక హెచ్చరిక ఇక్కడే చేయాలి. యబుకి అసలు ఇంటిపేరు సతో. జపాన్‌లో ఇంటింటా తెలిసిన ఒక బాక్సింగ్ బొమ్మల కథ కథానాయకుడి ఇంటిపేరును ఆయన రింగు పేరుగా పెట్టుకున్నాడు. గట్స్ ఇషిమత్సు అన్న పేరుతో ప్రసిద్ధుడైన లైట్ వెయిట్ ఛాంపియన్ అసలు పేరు యూజి సుజుకి. థాయ్ ప్రత్యర్థులతో చిక్కు ఇంకా ఎక్కువ. వారు తమ జిమ్ పేరునో, స్పాన్సర్ పేరునో ఇంటిపేరులా తగిలించుకుంటారు, జిమ్ మారితే ఆ పేరూ మారుతుంది. నైతో జీవితమంతా అల్లుకుపోయిన పొంగ్‌సక్లెక్ వొంజొంగ్‌కమ్ వేరువేరు కాలాల పత్రికలలో సిత్‌కనోంగ్‌సక్ అనీ, క్రతింగ్‌దేంగ్‌జిమ్ అనీ కనిపిస్తాడు. పొంగ్‌సక్లెక్ అన్న మొదటి మాటను పట్టుకోకపోతే ఒకే మనిషిని ముగ్గురిగా లెక్కవేసే ప్రమాదం ఉంది. అందుకే నోటుబుక్కులో ప్రత్యర్థి గడిని కాస్త వెడల్పుగా గీయండి.

ఇక నైతో మూడు ఓటముల దగ్గరకు వద్దాము. నాకు ఈ పట్టికలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది.

మొదటి ఓటమి 2002 ఏప్రిల్‌లో, థాయ్‌లాండ్‌లో, పొంగ్‌సక్లెక్ చేతిలో. వరుసలో కనిపించేది ‘నాకౌట్, 1వ రౌండ్, 34 సెకన్లు’ అని. ఫ్లైవెయిట్ ప్రపంచ టైటిల్ పోటీల చరిత్రలో అంత త్వరగా ముగిసినది మరొకటి లేదు. విమానమెక్కి, రోజుల తరబడి బరువు తగ్గించుకుని, చేతులకు బ్యాండేజి చుట్టించుకుని, గీతం ఆలపిస్తుండగా నిలబడి, గంట మోగిన తరువాత అర నిమిషానికి కింద పడి ఉండడం ఎలా ఉంటుందో ఆ వరుస చెప్పదు. దానిని చూసి నూటికి తొంభై మంది పాఠకులు ఇతను ప్రపంచ స్థాయి బాక్సర్ కాదన్న నిర్ణయానికి వస్తారు. ఆ వరుసను అక్కడే వదిలి ‘తరువాత’ గడిని నింపండి. పొంగ్‌సక్లెక్ 2001లో గెలిచిన ఆ టైటిల్‌ను 2007 వరకు వరుసగా 17 సార్లు నిలబెట్టుకున్నాడు. ఆ 17 పోటీలలో ఇది ఒకటి.

రెండవ ఓటమి కూడా అతని చేతిలోనే, 2005లో. ఫలితం గడిలో ‘టీడీ, 7వ రౌండ్’ అని ఉంటుంది. ‘టీకేఓ’, ‘టీడీ’ చూడటానికి అన్నదమ్ముల్లా ఉన్నా వాటి అర్థాలు చాలా దూరం. టీకేఓ అంటే ఒకరు ఇక పోరాడలేని స్థితిలో ఉన్నారని రిఫరీ ఆపడం. టీడీ, అంటే టెక్నికల్ డిసిషన్, తలలు తగలడం వంటి అనుకోని దెబ్బ వల్ల గాయమై పోటీ కొనసాగించలేనప్పుడు అప్పటివరకు పడిన పాయింట్లతో తేల్చడం. 34 సెకన్ల మనిషి మూడేళ్ళ తరువాత అదే ఛాంపియన్ ముందు ఏడవ రౌండ్ దాకా నిలబడ్డాడని ఈ నల్ల గుండ్రం చెబుతోంది. ఓటమి గడిలో ఎదుగుదల కనబడటమంటే ఇదే.

ఆ రెండింటి మధ్యా, వెనుకా ఉన్న వరుసలను వేగంగా దాటవద్దు. 2004లో ట్రాష్ నకనుమా నుంచి జపాన్ టైటిల్, 2006లో నొరియుకి కొమత్సు నుంచి ఓరియంట్-పసిఫిక్ అనే ప్రాంతీయ టైటిల్ నైతో గెలిచాడు. జపాన్ టైటిల్, తరువాత ఓరియంట్-పసిఫిక్ టైటిల్, ఆపై ప్రపంచ టైటిల్ అన్నది అక్కడి బాక్సర్‌కు సంప్రదాయంగా వస్తున్న మెట్ల దారి. నైతో మాత్రం ముందు ఒక్కసారిగా పై మెట్టుకు ఎగిరి కిందపడి, తరువాత ఒక్కొక్క మెట్టూ ఎక్కి మళ్ళీ అక్కడికి వెళ్ళాడు. అంతకుముందు జపాన్ టైటిల్ కోసం మొదటిసారి పోటీపడినప్పుడు ఛాంపియన్ తకెఫుమి సకతాతో డ్రా అయింది. జపాన్‌లో టైటిల్ పోటీ డ్రా అయితే బెల్టు పాత ఛాంపియన్ దగ్గరే ఉంటుంది కనుక, త్రిభుజం గుర్తు పడిన ఆ వరుస నైతోకు ఓటమితో సమానం. ‘తరువాత’ గడిలో మాత్రం దానికి వేరే వెల పలుకుతుంది. 2007 మార్చిలో సకతా, ప్రపంచ టైటిళ్ళు ఇచ్చే సంస్థలలో ఒకటైన డబ్ల్యూబీఏ ఫ్లైవెయిట్ ఛాంపియన్ అయ్యాడు.

2007 జులై 18. ముచ్చటగా మూడోసారి పొంగ్‌సక్లెక్. ఇప్పుడు వేదిక గడిని చూడండి, అక్కడ కొరాకుయెన్ హాల్ అని ఉంటుంది. టోక్యోలో బాక్సింగ్‌కు పుట్టిల్లు వంటిది ఆ హాలు. ఒక భవనం 5వ అంతస్తులో, రెండు వేల మందికి మించి పట్టని చోట, 4 రౌండ్ల కుర్రవాళ్ళు వచ్చిపోతుంటారు. పెద్ద ఆశలు పెట్టుకున్న ప్రపంచ టైటిల్ పోటీలను మరింత పెద్ద అరేనాలలో పెడతారు. ఈ పోటీ చిన్న హాలులో జరిగిందంటే, జనాన్ని నింపగలడన్న నమ్మకం నైతో మీద పెద్దగా లేదన్నమాట. 32 ఏళ్ళ ఆ మనిషి ఆ రాత్రి 12 రౌండ్లు నిలబడి ముగ్గురు జడ్జీల ఏకగ్రీవ తీర్పుతో గెలిచాడు. నైతో గెలిచినది మరో సంస్థ డబ్ల్యూబీసీ బెల్టు కనుక, కొన్నాళ్ళ పాటు ఒకే బరువులో రెండు పెద్ద బెల్టులు, ఒకప్పుడు డ్రా చేసుకున్న నైతో, సకతాల నడుములకు ఉన్నాయి.

జిమ్ గడి అవసరమని ఈపాటికి మీకు అనిపించి ఉండవచ్చు. వీలైతే తొమ్మిదవ గడిగా చేర్చండి. జపాన్‌లో బాక్సర్ ఏదో ఒక జిమ్‌కు చెంది ఉండాలి. ‘కైచో’ అని పిలిచే జిమ్ అధిపతే చాలా సందర్భాలలో పోటీలు కుదిర్చేవాడూ, నిర్వహించేవాడూ అవుతాడు. ఒకే జిమ్‌వారు సాధారణంగా ఒకరితో ఒకరు తలపడరు. చిన్న బాక్సర్లకు వచ్చే ప్రతిఫలంలో కొంత టికెట్ల రూపంలో ఇస్తారు, వాటిని బంధువులకూ, స్నేహితులకూ, పనిచేసే చోటా అమ్ముకుంటేనే అది డబ్బుగా మారుతుంది. ఒకడికి ఏడాదికి రెండే పోటీలు ఉన్నాయంటే అది ఎప్పుడూ గాయం వల్లనే కానక్కరలేదు.

టైటిల్ వచ్చాక ఉన్న వరుసలను ‘తరువాత’ గడి లేకుండా చదివితే అయిదు సార్లు నిలబెట్టుకున్నాడన్న ఒక్క మాటతో అయిపోతుంది. గడి నింపితే ఇలా ఉంటుంది. 2008 జులైలో 10వ రౌండ్‌లో నాకౌట్ చేసిన తొమొనొబు షిమిజు 2011లో సూపర్ ఫ్లైవెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2009 మేలో పాయింట్లతో ఓడించిన షియోంగ్ చావోచోంగ్ 2012లో చైనాకు తొలి ప్రొఫెషనల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2008 మార్చిలో నాలుగోసారి ఎదురైన పొంగ్‌సక్లెక్‌తో డ్రా అయింది. ఈసారి త్రిభుజం నైతో పక్షాన పనిచేసింది, బెల్టు ఆయన దగ్గరే ఉండిపోయింది. ఒకే గుర్తు ఒకే పట్టికలో రెండు చోట్ల రెండు ఎదురు అర్థాలు ఇవ్వడం ఇక్కడ గమనించదగినది.

ఆ అయిదింటిలో మొదటిది, 2007 అక్టోబరులో దైకి కమెదాపై గెలుపు, పట్టికలో ‘యూడీ, 12’ అని, అంటే 12 రౌండ్ల తరువాత ఏకగ్రీవ తీర్పు అని, మామూలుగా ఉంటుంది. రింగులో జరిగినది మామూలు కాదు. చివరి రౌండ్‌లో దైకి కుస్తీ పట్టినట్టు నైతోను ఎత్తి పడేశాడు, పాయింట్లు కోల్పోయాడు, ఆపై కమిషన్ అతని లైసెన్సును ఏడాది పాటు సస్పెండ్ చేసింది. ఇటువంటివి ఏ గడిలోనూ ఇమడవు, పేజీ అంచున రాసుకోవలసిందే. మూడవ ఓటమికి నేపథ్యం కూడా ఇదే. 2009 నవంబరులో సైతామాలో దైకి అన్న కోకి కమెదా పాయింట్లతో నైతోను ఓడించాడు. ఆ రాత్రి టోక్యో చుట్టూ ఉన్న కాంతో ప్రాంతంలో టీవీ ప్రసారానికి 43.1 శాతం రేటింగు వచ్చింది. రెండేళ్ళ క్రితం కొరాకుయెన్ హాల్‌లో టైటిల్ గెలిచిన మనిషి ఓటమిని దేశమంతా కూర్చుని చూసింది. 2010 మార్చిలో కోకిని ఓడించి ఆ బెల్టును వెనక్కు పట్టుకెళ్ళినవాడు ఎవరంటే, మళ్ళీ పొంగ్‌సక్లెక్.

మూడు నల్ల గుండ్రాలలో రెండు 17 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నవాడివి, ఒకటి మరో ప్రపంచ ఛాంపియన్‌ది. 42 పోటీలలో ఇతరులెవరూ నైతోను ఓడించలేదు. మొదటి చూపులో 34 సెకన్ల ఓటమిగా కనిపించిన పట్టికలోనే ఈ సంగతి కూడా ఉంది.

ఇదే పద్ధతిని గట్స్ ఇషిమత్సు మీద ప్రయోగిస్తే ఎక్కువ శ్రమ పడవలసి వస్తుంది. ఆయన పంక్తి 31 గెలుపులు, 14 ఓటములు, 6 డ్రాలు. 1973లో పనామాలో, తరువాత బాక్సింగ్ దిగ్గజంగా నిలిచిన రొబెర్తో దురాన్ చేతిలో ఓడి, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో టోక్యోలో రొదోల్ఫో గొన్సాలెస్‌ను నాకౌట్ చేసి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. దురాన్ పేరు పక్కన ‘తరువాత’ గడి సరిపోదు, ఇంకో కాగితం అతికించుకోవాలి.

సంస్థల పేర్లు చదివేటప్పుడు తేదీని తప్పక చూడండి. జపాన్ కమిషన్ ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అనే మరో రెండు సంస్థల బెల్టులను గుర్తించినది 2013లో మాత్రమే. అంతకుముందు అక్కడ ప్రపంచ ఛాంపియన్ అంటే డబ్ల్యూబీఏ లేదా డబ్ల్యూబీసీ బెల్టు ఉన్నవాడు. 1984లో ఐబీఎఫ్ బాంటమ్ వెయిట్ టైటిల్ గెలిచిన సతోషి షింగాకి పేరును జపాన్ ఛాంపియన్ల జాబితాలలో వెతికి దొరకలేదని ఆశ్చర్యపోతే, కారణం అది. నైతో కాలంలో ఉన్న తలుపులు రెండే, ఇనోయె కాలానికి నాలుగు తెరుచుకున్నాయి. ఎవరు ఎన్ని బెల్టులు గెలిచారన్న లెక్కను కాలం చూడకుండా పోల్చడం అందుకే అన్యాయం. బరువు గడిది కూడా కొంత అటువంటిదే. ఫ్లైవెయిట్ పరిమితి 50.8 కిలోలు, దాని పైనున్న సూపర్ ఫ్లైవెయిట్ 52.1 కిలోలు. మధ్య తేడా కిలోన్నర కూడా లేదు గనుక ఇదేం పెద్ద మార్పని మనకు అనిపిస్తుంది, కానీ ఒంట్లో తీయడానికి కొవ్వు మిగలని మనిషికి ఆ కిలో ఎంతటిదో పోటీకి ముందు రోజు తూకం వేసేవారికి తెలుసు.

చివరి వరుసను రాసేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంటుంది. నైతో చివరి పోటీ 2010 మేలో ఒక థాయ్ బాక్సర్‌పై గెలుపు. పట్టిక అక్కడ ఆగుతుంది. రిటైర్మెంటుకు వరుస ఉండదు. ఆయన రింగుకు వీడ్కోలు చెప్పినది 2011లో. జపాన్‌లో చాలాకాలం పాటు బాక్సర్లకు 37 ఏళ్ళ వయసు నియమం ఉండేది, నైతోకు 37 నిండినది కూడా అదే ఏడాది. అయితే ఛాంపియన్ల వంటివారికి మినహాయింపులు ఉండేవి కాబట్టి, ఆ రెండు తేదీలు పక్కపక్కన ఉన్నాయన్న కారణంతో వయసు వల్లనే మానుకున్నాడని రాయకండి. చివరి గెలుపు కింద ఒక గీత గీసి, 2010 మే నుంచి 2011 వరకు ఉన్న ఖాళీని ఖాళీగానే చూపండి. ‘తరువాత’ గడులకు మాత్రం గీత గీయవద్దు.